చుట్టుదారిన వెళ్లి ముందే దిగిన విమానం

2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని ఎప్పటిలా పడమటి దిక్కున అట్లాంటిక్ మీదుగా కాక, తూర్పున పసిఫిక్ మీదుగా నడిపింది. పాత దారి సుమారు 13,900 కిలోమీటర్లు, కొత్తది 15,300. పెరిగిన దూరమే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి గాల్లో ఉన్నదానికంటే ఎక్కువ. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లో దిగింది. పాత దారికి అంతకంటే దాదాపు రెండు గంటలు ఎక్కువ పట్టేది.

ఆ మాటకొస్తే ఈ రెండూ అడ్డదారులేమీ కావు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి కొలిస్తే దాదాపు 12,400 కిలోమీటర్లే వస్తుంది. ఆ దారం ఢిల్లీ నుంచి ఇంచుమించు ఉత్తరంగా పోయి, హిమాలయాలు, టిబెట్ పడమటి కొస, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రం మీదుగా అలాస్కా వైపు దిగుతుంది. విమానయాన సంస్థలు వీలైనంతవరకు టిబెట్ జోలికి పోవు. క్యాబిన్‌లో పీడనం పడిపోతే విమానాన్ని వెంటనే 3 కిలోమీటర్ల ఎత్తుకు దించాలి. సీటు పైనుంచి జారిపడే మాస్కుల్లో ఆక్సిజన్ మామూలుగా పావుగంట, మహా అయితే ఇంకాస్త సేపు వస్తుందంతే. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు. ఇక దిగేదెక్కడికి?

ఇప్పుడు 15,300ని పద్నాలుగున్నరతో భాగించి చూడండి. గంటకు 1,055 కిలోమీటర్లు! నిశ్చలమైన గాలిలో ఆ దారిన వెళ్లిన బోయింగ్ 777 వేగం 900కి కాస్త అటూ ఇటూ. మిగతాదంతా గాలి చలవే. 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంటుంది. చలికాలంలో దాని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటిన సందర్భాలూ ఉన్నాయి. జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఒయిషి 1920లలోనే బెలూన్లు ఎగరేసి ఈ గాలిని కొలిచాడు. ప్రపంచమంతా చదవాలని నివేదికను ఎస్పెరాంటో భాషలో అచ్చు వేయించాడు. పాపం, పట్టించుకున్నవాళ్లు తక్కువ.

భూమి తిరగడం వల్లే తూర్పు, పడమర ప్రయాణాల మధ్య ఈ తేడా అని చాలామంది అనుకుంటారు. భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి, ఆ లెక్కన పడమటికి వెళ్లేవాళ్లకు ఊరే ఎదురొచ్చి తొందరగా దిగాలి. కానీ భూమితో పాటు గాలీ, ఆ గాలిలోని విమానమూ కలిసే తిరుగుతాయి.

మనవాళ్లు తరచూ వెళ్లే హైదరాబాద్–దుబాయ్ దారి సుమారు 2,550 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు దాదాపు నాలుగు గంటలు పడితే, వచ్చేటప్పుడు, ముఖ్యంగా చలికాలంలో, అరగంట దాకా తగ్గుతుంది. టికెట్ మీద మాత్రం ఇది తలకిందులుగా కనిపిస్తుంది. ఉదయం 10కి హైదరాబాద్‌లో ఎక్కినవారు దుబాయ్ గడియారం ప్రకారం 12:30కే దిగుతారు. రాత్రి 10కి దుబాయ్‌లో ఎక్కినవారు ఇక్కడ దిగేసరికి తెల్లవారుజామున 3 అవుతుంది. రెండు దేశాల గడియారాల మధ్య గంటన్నర తేడా ఉంది మరి.