పికప్‌ను మూడంగుళాలు లేపితే

పికప్ ట్రక్కులో చక్రాలకూ చాసీకీ మధ్య ఉన్న దూరాన్ని పెంచే విడిభాగాల సెట్టునే సస్పెన్షన్ లిఫ్ట్ కిట్ అంటారు. ముందువైపు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, వెనకవైపు కమాన్ కట్టలు, వాటిని పట్టి ఉంచే బ్రాకెట్లు, బోల్టులు ఇందులో మారతాయి. ఇంజను, క్యాబిన్, వెనక తొట్టి అన్నీ కలిసి సాధారణంగా రెండు నుంచి ఆరంగుళాల దాకా పైకి లేస్తాయి. అమెరికాలో చాలామంది దీన్ని సొంత షెడ్డులోనే, శని ఆదివారాల్లో చేసుకుంటారు. బండిని లేపడం అంత కష్టమేమీ కాదు. లేపాక అడుగున ఉన్న కోణాలు దాదాపు అన్నీ మారిపోతాయి. వాటిని తిరిగి దారికి తేవడంలోనే పనితనం తెలుస్తుంది.

లిఫ్ట్ చేస్తే నేలకూ బండికీ మధ్య జాగా పెరుగుతుందన్నది సగమే నిజం. చాసీ, డీజిల్ లేదా పెట్రోలు ట్యాంకు, బంపర్లు లేస్తాయి కాబట్టి నిటారు గట్టు ఎక్కేటప్పుడు ముందు బంపరు తగలదు. కానీ వెనక యాక్సిల్ మధ్యలో గుండులా వేలాడే డిఫరెన్షియల్ చక్రాలతోపాటే ఉంటుంది. స్ప్రింగులు ఎంత పొడుగైనవి వేసినా అది మిల్లీమీటరు కూడా కదలదు. దాన్ని పైకి తెచ్చేది టైరు ఒక్కటే. 31 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేస్తే వ్యాసంలో తేడా రెండంగుళాలు, అందులో సగం, అంటే ఒక్క అంగుళం మాత్రమే డిఫరెన్షియల్‌కు దక్కుతుంది. ఆ పెద్ద టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా చోటు చేయడమే లిఫ్ట్ కిట్ చేసే ముఖ్యమైన మేలు.

ఇదే పేరుతో చలామణీ అయ్యేవి ఇంకో రెండున్నాయి. క్యాబిన్‌కూ చాసీకీ మధ్య దిమ్మలు పెట్టి పైభాగాన్ని మాత్రమే లేపేది బాడీ లిఫ్ట్. అందులో సస్పెన్షన్ జోలికి పోరు. లెవెలింగ్ కిట్ ముందు భాగాన్ని మాత్రమే లేపుతుంది. తొట్టిలో సరుకు పడ్డాక బండి సమంగా నిలబడాలని తయారీదారులు పికప్ వెనక భాగాన్ని కాస్త ఎత్తుగా వదులుతారు. చూపుకు బాగుండాలని ముందుభాగాన్ని దానికి సమం చేస్తే, సరుకు వేసిన రోజున ముక్కు పైకి లేచి హెడ్‌లైట్లు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడతాయి.

ఎంత లేపాలన్నది యజమాని ఇష్టమే అనిపిస్తుంది గానీ, అమెరికా రాష్ట్రాలకు వేటి లెక్కలు వాటికున్నాయి. కాలిఫోర్నియాలో సరుకుతో కలిపి 4,501 నుంచి 7,500 పౌండ్ల బరువుకు ఆమోదం పొందిన బండి చాసీ నేల నుంచి 30 అంగుళాలు దాటకూడదు. వెనక భాగాన్ని కుంగదీసి ముక్కును ఆకాశానికి పెట్టే ఫ్యాషన్ ఒకటి అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో బాగా పాకింది. డ్రైవరుకు ముందు రోడ్డు సరిగా కనిపించని ఆ అవతారాన్ని నార్త్ కరోలినా 2021 డిసెంబరు నుంచి నిషేధించింది. వారంటీ విషయంలో మాత్రం 1975 నాటి ఫెడరల్ చట్టం కొనుగోలుదారు పక్షాన ఉంది. బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తాన్ని రద్దు చేయడం కుదరదు, చెడింది ఆ భాగం వల్లేనని చూపాలి.

మన దగ్గర సంగతి వేరు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌కు ముందు డబుల్ విష్‌బోన్ (పైనా కిందా రెండు ఆర్మ్‌లు), వెనక కమాన్ కట్టలు ఉంటాయి. యంత్రం లెక్కన చూస్తే ఇక్కడ చెప్పే పద్ధతంతా దానికీ సరిపోతుంది. అయితే తయారీదారు ఇచ్చిన వివరాలతో పొంతన లేకుండా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఎత్తుకు ఇంకో హద్దు భౌతికశాస్త్రం గీస్తుంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో భాగిస్తే వచ్చే అంకెను బట్టి బండి బోర్లాపడే స్వభావాన్ని అంచనా వేస్తారు. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001 మోడళ్ల నుంచి ఇచ్చే రేటింగులకు ఇదే ప్రధాన ఆధారం. చక్రాల మధ్య 170 సెంటీమీటర్లు, గురుత్వ కేంద్రం 70 సెంటీమీటర్లు అనుకుంటే ఆ అంకె 1.21. గురుత్వ కేంద్రం ఎనిమిది సెంటీమీటర్లు లేస్తే 1.09కి పడిపోతుంది. చూడ్డానికి చిన్న తేడాయే. మలుపులో ఉన్నపళంగా స్టీరింగ్ తిప్పాల్సి వస్తే మాత్రం అది చిన్నదనిపించదు.

రోజూ తిరిగే బండికి మూడంగుళాలు దాటకపోతేనే మేలని అనుభవమున్న మెకానిక్‌లు అనేది అందుకే. ఇక లేపే పద్ధతికి వస్తే, టొయోటా టకోమాలాంటి పికప్‌లో ముందు చక్రం రెండు ఆర్మ్‌ల మధ్య వేలాడుతుంది. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకటిగా కలిసిన స్తంభం కింది ఆర్మ్ చివరన కాకుండా సుమారు మధ్యలో కూర్చుంటుంది. దాంతో స్తంభం నెత్తిన ఒక అంగుళం దిమ్మ పెడితే చక్రం దగ్గర దాదాపు రెండంగుళాలు వస్తుంది. చవక కిట్లు ఈ కిటుకుతోనే బతుకుతున్నాయి. అయితే ఆ దిమ్మతో చక్రం మునుపటికన్నా కిందికి జారుతుంది, పై బాల్ జాయింట్ హద్దు దాకా వంగుతుంది. మంచి కిట్‌లో స్తంభమే పొడుగ్గా ఉంటుంది, పై ఆర్మ్‌ కూడా కొత్త కోణానికి తగ్గట్టు వస్తుంది.

పని మొదలుపెట్టే ముందు నాలుగు చక్రాల దగ్గరా ఇరుసు మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచి రాసుకోవాలి. టకోమా మామూలుగానే డ్రైవరు వైపు కాస్త ఒరిగి ఉంటుంది. ముందే కొలవకపోతే ఆ ఒరుగుడు పాతదో, కొత్త పనిలో వచ్చిన తప్పో తేలదు. వెనక చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి, చాసీ కింద స్టాండులు వేయాలి. జాకీ మీదే వదిలేసిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. చక్రాలు తీశాక స్టెబిలైజర్ బారు లింకులు, టై రాడ్ చివరలు, ఏబీఎస్ తీగ క్లిప్పులు, బ్రేకు గొట్టం బ్రాకెట్లు ఒక్కొక్కటిగా విప్పుతారు. బ్రేకు కాలిపర్‌ను గొట్టం మీద వేలాడదీయకుండా తీగతో చాసీకి కట్టాలి. గొట్టం లోపల చిట్లితే పైకి కనిపించదు. పై బాల్ జాయింట్ ఊడాక కింది ఆర్మ్ వాలుతుంది, స్తంభం బయటికి వస్తుంది.

అసలు ప్రమాదం ఆ స్తంభంలోనే ఉంది. స్ప్రింగు ఆర్మ్ మధ్యలో ఉంటుంది కనుక చక్రం మోసే బరువుకు సుమారు రెండింతలు మోస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు దానిలో దాగి ఉండే బలం వెయ్యి కిలోల లెక్కలోకి పోతుంది. బయటికి తీశాక కూడా చాలా బలం అందులోనే ఉంటుంది. స్ప్రింగును నొక్కి పట్టే కంప్రెసర్ బిగించకుండా పైన ఉన్న నట్టును విప్పితే స్ప్రింగు తూటాలా ఎగురుతుంది. మిగతాదంతా సొంతంగా చేసుకునేవాళ్లలో కూడా చాలామంది ఈ ఒక్క పనిని వర్క్‌షాపుకు వదిలేస్తారు. ముందే కూర్చి అమ్మే స్తంభం కొన్నా సరిపోతుంది. ఖర్చు ఎక్కువే, భయం తక్కువ.

బిగింపులో జరిగే తప్పుల్లో అతి సాధారణమైనది ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లది. చక్రం గాలిలో వేలాడుతుండగా ఆ బోల్టులు పూర్తిగా బిగిస్తే, బండి కిందికి దిగాక రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే నిలిచిపోతుంది. కొన్ని నెలలకే చిరిగి కిర్రుమంటుంది. ముందు చేత్తో బిగించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే టార్క్ రెంచ్ పెట్టాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ముందు చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టులు కూడా ఏటవాలు అవుతాయి. ఆ వంపు తగ్గించడానికి కొందరు ముందు డిఫరెన్షియల్‌ను దిమ్మలతో కొద్దిగా దించుతారు. నాలుగంగుళాలు దాటితే దిమ్మలతో సరిపోదు. క్రాస్‌మెంబరును, డిఫరెన్షియల్‌ను కిందికి దించే బ్రాకెట్లు, చక్రాన్ని మోసే పొడుగు నకిల్స్ కావాలి. కొన్ని కిట్లలో చాసీకి ఉన్న పాత బ్రాకెట్‌ను కోయాల్సి కూడా వస్తుంది. కోశాక ఇక వెనక్కి తిరిగే దారి ఉండదు.

వెనకవైపు పని లారీ షెడ్డులో చూసేలాంటిదే. కమాన్ కట్టను యాక్సిల్‌కు కట్టి ఉంచే యూ బోల్టులు విప్పి, చాసీని లేపి, రెంటి మధ్య ఇనుప దిమ్మ పెడతారు. లేదా కట్టలోకి అదనంగా ఒక పట్టీ చేరుస్తారు. కట్ట మధ్య బోల్టు తల దిమ్మ గుంటలో, దిమ్మ కింది మేకు యాక్సిల్ పీటం గుంటలో సరిగ్గా కూర్చోవాలి. అది అర అంగుళం పక్కకు కూర్చున్నా యాక్సిల్ వంకరై బండి ఓరగా నడుస్తుంది. పాత యూ బోల్టులు బిగింపుకు ఇప్పటికే సాగి ఉంటాయి కాబట్టి వాటిని మళ్లీ వాడకూడదు. దిమ్మ మీద దిమ్మ పేర్చడం అసలే వద్దు. ముందు యాక్సిల్‌కు కూడా కమాన్లు ఉన్న బండ్లలో అక్కడ దిమ్మ పెట్టడం మరీ ప్రమాదం. గట్టిగా బ్రేకు వేసినప్పుడు దిమ్మ జారితే స్టీరింగ్ చేతిలో ఉండదు.

వెనక దిమ్మకు ఏటవాలు ఉంటే దాని సన్నని అంచు ముందుకు రావాలి. అప్పుడే డిఫరెన్షియల్ ముక్కు కొద్దిగా పైకి లేచి ప్రొపెల్లర్ షాఫ్టు వైపు చూస్తుంది. టకోమా లాంటి వాటిలో ఈ షాఫ్టు రెండు ముక్కలుగా ఉండి మధ్యలో బేరింగు మీద నిలుస్తుంది. లిఫ్ట్ తర్వాత బండి కదిలేటప్పుడు సీటు కింద ఒణుకు వస్తే మొదట అనుమానించాల్సింది ఆ బేరింగునే. దాన్ని కాస్త దించితే ఒణుకు చాలావరకు పోతుంది. బ్రేకు గొట్టం, హ్యాండ్ బ్రేకు తీగ పొడవు చాలుతుందో లేదో చక్రాలను పూర్తిగా కిందికి వేలాడదీసి చూడాలి.

షెడ్డు నుంచి బండి నేరుగా అలైన్‌మెంట్‌కే వెళ్లాలి. లిఫ్ట్‌తో క్యాస్టర్ కోణం, అంటే చక్రం స్టీరింగ్‌తో తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం, తగ్గుతుంది. అది తగ్గితే స్టీరింగ్ దానంతటది నిటారుకు రాదు, హైవే మీద బండి ఊగిసలాడుతుంది. మారిన పై ఆర్మ్ అక్కరకొచ్చేది ఇక్కడే. హెడ్‌లైట్లను కిందికి దించాలి. ముందు బండిని కనిపెట్టే రాడారు, కెమెరా ఉంటే వాటికి మళ్లీ కాలిబ్రేషన్ చేయించాలి. టైరు 31 నుంచి 33 అంగుళాలకు పెరిగితే స్పీడోమీటరు 100 చూపేటప్పుడు అసలు వేగం 106 దాటుతుంది. కంప్యూటర్‌లో టైరు కొలత మార్చకపోతే కిలోమీటర్ల లెక్క కూడా తప్పుతుంది.

కొత్త కమాన్లు, యూ బోల్టులు బరువు కింద సర్దుకుని కాస్త వదులవుతాయి. ఎనిమిది వందల కిలోమీటర్లు తిరిగాక ప్రతి బోల్టుకూ మళ్లీ టార్క్ రెంచ్ పెట్టి, మొదట్లో కొలిచిన నాలుగు చోట్లా ఇంకోసారి టేపు పట్టాలి. అప్పటికి బండి పావు అంగుళం దిగి ఉంటే కంగారు పడనక్కర్లేదు. ఒక మూల మాత్రమే దిగితే అక్కడి బోల్టులు విప్పి చూడాలి.