చౌక ఆటగాడి విలువ ఎక్కడుంది?
ఫ్యాంటసీ క్రికెట్‌లో కోహ్లిని, బుమ్రాను ఎంచుకోవడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు. అసలు పరీక్ష, ఆటగాళ్లను కొనేందుకు ఇచ్చే క్రెడిట్లలో చివర మిగిలిన కొద్దింటితో ఎవరిని తెస్తామన్నదే. అక్కడ చాలామంది నిరుటి సగటు చూసి పొరబడతారు. సగటు కన్నా ముందు అవకాశం చూడాలి: ఎన్నో స్థానంలో దిగుతాడు, ఎన్ని బంతులు దొరుకుతాయి, బౌలింగ్ కూడా ఇస్తారా? విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని ఐపీఎల్ జట్టు సన్‌రైజర్స్ 2023 సీజన్‌కు 20 లక్షలకే తీసుకుంది. ఆ ఏడాది అతనికి బ్యాటింగ్ చేసే అవకాశమే రాలేదు. సగటు చూసేవాళ్లకు అతను కనిపించే వీలే లేదు. 2024 ఏప్రిల్ 9న పంజాబ్‌పై వికెట్లు వెంటవెంటనే పడటంతో ముందే దిగి 37 బంతుల్లో 64 కొట్టాడు, ఒక వికెట్ కూడా తీశాడు. సీజన్ మొత్తమ్మీద 303 పరుగులు.

ఇదంతా అదృష్టమే కదా, ఓడే జట్టులో ఉంటే ఏం లాభం అనవచ్చు. కానీ మన హైదరాబాద్ తిలక్ వర్మ 2022లో 397 పరుగులు చేసింది అట్టడుగున నిలిచిన ముంబయికే. పైవరస కూలే జట్టులో మధ్యవరసకు బంతులు ఎక్కువ దొరుకుతాయి. ధర పెరిగాక మాత్రం ఆ లాభం ఉండదు: సన్‌రైజర్స్ 6 కోట్లకు అట్టిపెట్టుకున్న నితీశ్ 2025లో 182 పరుగులే చేశాడు. ఈ లెక్కలు స్నేహితుల పోటీ వరకే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది.