ఫోన్లో వాసన రాదు అన్నయ్యా!

నా పేరు టఫీ. వయసు 13 ఏళ్లు. బరువు 6 కిలోలు. అడ్రసు... కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, సోఫా కింద. ఒకప్పుడు సోఫా మీదే ఉండేవాణ్ణి. ఇప్పుడు ఎగరలేక కిందికి మారా.

మీ రీల్స్‌లో బంతితో దొర్లే కుక్కపిల్లలకి బోలెడు లైకులు. మాలాంటి ముసలోళ్లని ఎవరు వీడియో తీస్తారు చెప్పండి? అందుకే నా కథ నేనే చెప్పుకుంటున్నా. ఓ ఐదు నిమిషాలు స్క్రోలింగ్ ఆపండి.

సినిమా పేరు పెట్టారు!

అమ్మానాన్నా పెళ్లయిన కొత్తలో చూసిన సినిమా ‘ప్రేమాలయం’. 1994లో వచ్చిన హిందీ ‘హమ్ ఆప్‌కే హై కౌన్’కి తెలుగు డబ్బింగ్. అందులో ఉత్తరం అందించి కథని సుఖాంతం చేసే తెల్ల కుక్క పేరు టఫీ. అన్నయ్య ఏడో తరగతిలో ఉండగా నన్ను అట్టపెట్టెలో తెచ్చుకుంటే, నాన్న వెంటనే ఆ పేరు పెట్టేశారు. అందరూ నన్ను పామేరియన్ అంటారు గానీ, నాది ఇండియన్ స్పిట్జ్ జాతి. సినిమాలో టఫీ కూడా మా వాడే.

మా లెక్క వేరండీ. మా సైజు కుక్కకి 13 ఏళ్లంటే మీ లెక్కలో 70కి దగ్గర. అంటే ఇంట్లో అందరికంటే చిన్నవాడిగా వచ్చి, అందరికంటే పెద్దవాణ్ణయిపోయా. అయినా అమ్మ ఇప్పటికీ ‘చంటోడా’ అనే పిలుస్తుంది.

సగం వినపడదు... సగం కనపడదు

మీకు 20 వేల హెర్ట్జ్ దాటితే వినపడదు. మాకు దాదాపు 45 వేల దాకా వినిపిస్తుంది. ఒకప్పుడు అన్నయ్య బండి వీధి మలుపు తిరగ్గానే తలుపు దగ్గర సిద్ధంగా ఉండేవాణ్ణి. ఇప్పుడు కాలింగ్‌బెల్ మోగినా తెలియట్లేదు. అమ్మ లేచి నడిస్తే, నేల అదిరిందని తల ఎత్తుతా.

కళ్లలో నీలంగా పొర కమ్మింది. మాకు ఎటూ ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలీదు, నీలం, పసుపు మాత్రం బాగా తెలుస్తాయి. ఇప్పుడు అవీ మసకే. ఇంకా గట్టిగా పనిచేస్తున్నది ఒక్క ముక్కే. పాలప్యాకెట్ వచ్చిందనీ, పక్కింట్లో చేపల పులుసనీ, అమ్మ మోకాళ్లకి నూనె రాసుకుందనీ అన్నీ అదే చెబుతుంది.

బాబాయి తీర్పు

మొన్న వర్షాకాలం నుంచీ రాత్రిళ్లు దగ్గు పట్టుకుంది. గొంతులో ఏదో ఇరుక్కుందని అమ్మ తేనె నాకించింది. దాంతోపాటు ఇంకో చిక్కు. ఆపుకోలేక హాల్లోనే ఒంటేలు పోసేస్తున్నా. మొదటిసారి అమ్మ ఏమీ అనలేదు. నాలుగోసారికి, మోకాళ్లు పట్టుకుని వంగి నేల తుడుస్తూ, ‘ఎందుకురా ఇలా చేస్తున్నావ్?’ అని ఏడ్చేసింది. తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం బాబాయి వచ్చారు. నాకు చెవుడని కాబోలు, నా ముందే తీర్పు చెప్పేశారు.

‘‘వదినా, నీ మోకాళ్లకి తోడు ఈ చాకిరీ కూడానా? ఊళ్లో పొలం దగ్గర వదిలేద్దాం. హాయిగా తిరుగుతాడు.’’

తిరగడమా? నేను వంటింటి దాకా నడవడానికే రెండుసార్లు ఆగుతా. నాన్న టీవీ వైపు చూస్తూ ఉండిపోయారు. అమ్మ ‘వద్దు’ అనలేదు. ‘సరే’ కూడా అనలేదు.

ఆ రాత్రి బెంగళూరు నుంచి అన్నయ్య వీడియోకాల్ చేశాడు. అమ్మ విషయం చెప్పి, ఫోన్ నా మూతి దగ్గర పెట్టింది. ‘‘టఫీ... అన్నయ్యరా!’’ అంది. నాకొక వెలుతురు కనిపించింది. వాసన చూస్తే అమ్మ చేతి పసుపు వాసనే. ముఖం తిప్పుకున్నా.

‘‘వీడు నన్ను మర్చిపోయాడమ్మా’’ అన్నాడు అన్నయ్య.

లేదన్నయ్యా, ఫోన్లో నీ వాసన రాదు. అంతే!

శనివారం తెల్లారి...

నిద్రలో ఉన్నా. తలుపు తెరిచిన గాలిలో బస్సు వాసన, డీజిల్, వాటి వెనకాల... అన్నయ్య! లేచి పరిగెత్తబోయి టైల్స్ మీద జారి పడ్డా. వాడు బ్యాగ్ కింద పడేసి, నా పక్కనే నేల మీద పడుకున్నాడు. ఇద్దరం కాసేపు అలాగే ఉన్నాం.

పదింటికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన స్టెతస్కోప్ పెట్టి విన్నారు. ఎక్స్‌రే, రక్తం, మూత్రం అన్నీ చూశారు. దగ్గు గొంతుది కాదట, గుండెదట. వాల్వ్ సరిగ్గా మూసుకోవట్లేదు. ముసలితనంలో మా చిన్న కుక్కలకి తరచూ వచ్చేదేనట. కిడ్నీలు కూడా నెమ్మదించాయి. అందుకే నీళ్లెక్కువ తాగడం, ఎక్కువసార్లు వెళ్లాల్సి రావడం.

‘‘కావాలని చెయ్యట్లేదమ్మా, వాడి వల్ల కావట్లేదు’’ అన్నారు డాక్టర్. అమ్మ చెయ్యి నా తల మీద పడింది. ఇంటికెళ్లేదాకా తియ్యలేదు.

మీ ఇంట్లోనూ నాలాంటోడుంటే...

డాక్టర్ అమ్మకి చెప్పినవి, మీరూ గుర్తుంచుకోండి.

నిద్రలో ఊపిరి లెక్కపెట్టండి. ఫోన్లో ఒక నిమిషం టైమర్ పెట్టి, పొట్ట ఎన్నిసార్లు పైకి లేచిందో చూడండి. మామూలుగా 30 లోపు ఉండాలి. అదేపనిగా దాటుతుంటే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

అలవాటు మారితే ‘వయసైపోయింది’ అని వదిలెయ్యొద్దు. దగ్గు, ఎక్కువ దాహం, నోటి దుర్వాసన, రాత్రంతా ఊరికే తిరగడం... వీటి వెనక జబ్బు ఉండొచ్చు. ఆర్నెల్లకోసారి చూపించండి.

జారే టైల్స్ మీద పాత పట్టాలు పరవండి. నీళ్ల గిన్నె మాత్రం దాచెయ్యకండి. ఇంకో రెండుసార్లు బయటికి తిప్పండి.

ప్రేమతో పాయసం పెట్టకండి, అందులో కిస్మిస్ మాకు విషం. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ కూడా అంతే. మీ నొప్పి మాత్రలు అస్సలు వద్దు.

ఇప్పుడు ఏమైందంటే...

ఆ సాయంత్రం అన్నయ్యతో వాకింగ్‌కి వెళ్లా. ఇదివరకు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నన్ను లాక్కుపోయేవాడు. ఈసారి ఫోన్ జేబులో పెట్టేశాడు. గేటు నుంచి వేపచెట్టు దాకా వంద అడుగులుంటాయేమో, ఇరవై నిమిషాలు పట్టింది. ప్రతి స్తంభం దగ్గరా నేను వార్తలు చదివేదాకా ఆగాడు.

దగ్గు తగ్గింది. జబ్బు పూర్తిగా పోదని డాక్టర్ ముందే చెప్పారు. పొద్దున, రాత్రి మాత్రలు. రాత్రి మాత్ర నాన్నది. మొన్న బాబాయి ఫోన్ చేస్తే, ‘‘తర్వాత చేస్తా, టఫీకి మందేసే టైమైంది’’ అని పెట్టేశారు. పొలం మాట మళ్లీ రాలేదు.

వెళ్లే ముందు అన్నయ్య తాను రెండ్రోజులు వేసుకున్న టీషర్టు ఉతక్కుండా నా పరుపు మీద పరిచాడు. ఇప్పుడు వాడు వీడియోకాల్ చేస్తే, అమ్మ ముందు ఆ టీషర్టు నా ముక్కుకి ఆనిస్తుంది. తర్వాతే ఫోన్.

ఆ వెలుతురులో ఎవరున్నారో నాకిప్పటికీ కనపడదు. టీషర్టులో ముఖం పెట్టి తోక ఊపుతా.

‘‘అమ్మా, గుర్తుపట్టాడే!’’ అంటాడట అన్నయ్య.