పాత లారీ క్యాబిన్ ఎందుకు ఊగుతుంది?

మా హాస్టల్లో డ్రైవర్ల, క్లీనర్ల, మెకానిక్కుల పిల్లలం చాలామందిమి. సెలవులకు ఇంటికెళితే పాత లారీ గురించి వినే మాట ఒకటే: "క్యాబిన్ ఊగుతోంది, తలుపు పడటంలేదు." తప్పంతా తుప్పుదే అనుకుంటాం. కాదు.

1954లో డైమ్లర్ బెంజ్ సహకారంతో టెల్కో లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ పాత లారీల చాసిస్ నిచ్చెనలాంటిది. దాని పొడవాటి దూలాలు 'సి' ఆకారంలో ఉంటాయి. బరువుకు అంతగా వంగవు గానీ, ఒక చక్రం గుంతలో పడితే మెలితిరుగుతాయి. అది లోపం కాదు, తిరగాలి కూడా. ఆ మెలిక క్యాబిన్‌కు ఎక్కకుండా కాచేవి మౌంటు రబ్బర్లు. వేడికి, ఆయిలుకు అవి రాయిలా గట్టిపడతాయి, లేదా నలిగిపోతాయి. ఇక చాసిస్‌తోపాటు క్యాబినూ మెలిపడుతుంది. అద్దం మూలన బీట, కీలు దగ్గర రేకు చీలిక, నడుస్తుండగా తెరుచుకునే తలుపు, అన్నీ దాని ఫలితమే. రబ్బర్ల ఖర్చు వాయిదా వేసేది యజమాని, ఆ తలుపు పక్కన రాత్రంతా కూర్చునేది మన నాన్నలు.

చీలిన చోట వెల్డింగు పెడితే దాని పక్కనే మళ్లీ చీలుతుంది. మెలిక ఎక్కడికీ పోలేదు కదా! రబ్బరు తీసేసి బోల్టు బిగించడం ఇంకా చెడ్డపని. చాసిస్ రెక్కకు కొత్త రంధ్రం అసలే వద్దు, పగులు అక్కడే పుడుతుంది.

బండిని చదునైన నేలమీద నిలపాలి. బోల్టులు వదులుచేసి, జాకీపై చెక్క పెట్టి క్యాబిన్ ఎత్తి, రబ్బర్లన్నీ ఒకేసారి మార్చాలి. ఒక్కటే కొత్తదైతే బరువంతా దానిమీదే పడుతుంది. రబ్బరు మధ్యలోని ఇనుప గొట్టాన్ని పారేయకూడదు, బోల్టు బిగింపుకు రబ్బరు నలగకుండా ఆపేది అదే. కొన్నాళ్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ చూసి బిగించాలి.