తొణకని పొయ్యి

2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి, ఐఎన్ఎస్‌వీ తారిణి మీద 254 రోజుల్లో భూమిని చుట్టి వచ్చిన ఆరుగురు నౌకాదళ అధికారిణుల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారని గర్వంగా చెప్పుకుంటాం. 55 అడుగుల తెరచాప పడవలో నడిసముద్రాన పూటపూటా వండుకోవడమంటే ఏమిటో మాత్రం ఆలోచించం.

నిండుకుండ తొణకదన్నది నేల మీది మాట. పడవలో ముందు తొణికేది నిండు గిన్నే. గాలికి పడవ ఒక పక్కకు 15, 20 డిగ్రీలు ఒరిగి గంటల తరబడి అలాగే సాగుతుంది. దానికి తోడు అలల ఊపు. మరిగే పులుసు మీద ఒలికితే దగ్గర్లో ఆసుపత్రి ఉండదు. అందుకే అనుభవమున్నవాళ్లు గిన్నె సగమే నింపుతారు. అలలు పెద్దవైతే నీరు చొరని మందపాటి ప్యాంటు వేసుకుని మరీ వండుతారు.

ఈ చిక్కు విప్పే ఉపాయం పడవ పొయ్యి కంటే ఎంతో ముందే, సిరాబుడ్డి కోసం పుట్టింది. క్రీ.పూ. 3వ శతాబ్దపు గ్రీకు ఇంజనీరు ఫిలో పేర ఉన్న గ్రంథంలో ఎనిమిది పలకల బుడ్డి ఒకటుంది. ఏ పలక పైకి తిప్పినా కలం ముంచుకోవచ్చు, సిరా కారదు. లోపలి గిన్నె ఒకదాంట్లో ఒకటి ఇమిడిన వలయాల మధ్య వేలాడుతుంటుంది. క్రీ.శ. 180 ప్రాంతంలో చైనాలో దింగ్ హువాన్ ఇదే పద్ధతిలో పక్కబట్టల మధ్య పెట్టుకునే ధూపపు కుంపటి చేశాడు. ఇటలీ పండితుడు కార్డానో 16వ శతాబ్దంలో ఈ వలయాల అమరికను వర్ణించాడు, తాను కనిపెట్టానని అనలేదు. అయినా ఆయన పేరే అంటుకుంది. ఓడల్లో దిక్సూచీ, క్రోనోమీటరూ ఈ వలయాల్లోనే కూర్చున్నాయి. నావికులు దీన్ని గింబల్ అంటారు.

పొయ్యికి అన్ని వలయాలు అక్కర్లేదు. పడవ పొడుగ్గా, సన్నగా ఉంటుంది కనుక ఎక్కువగా ఊగేది పక్కలకే. పడవ పొడవు వెంట ఒక్క ఇరుసు చాలు: పొయ్యికి అటొకటి, ఇటొకటి గట్టి మేకు. బరువు ఇరుసుకు కిందే ఉండాలి. మన ఉట్టి నిలిచేదీ ఈ సూత్రం మీదే. పొయ్యి ఊగుతున్నట్టు కళ్లకు కనిపిస్తుంది గానీ, ఊగేది చుట్టూ ఉన్న గోడలూ, గరిటె పట్టుకుని నిలబడ్డ మనిషీ. గిన్నెలు జారకుండా పైన కమ్మీలు బిగిస్తారు. గ్యాసు గొట్టం పొయ్యితో పాటు వంగేలా మెత్తగా ఉంటుంది.

ప్రమాదం దాగి ఉన్నది కింది ఓవెన్‌లో. తలుపు తెరవగానే దాని బరువు ముందుకొచ్చి, పైన మరిగే గిన్నెతో సహా పొయ్యి మొత్తం వండేవాళ్ల మీదికి వాలుతుంది. పెద్ద గిన్నె నిండా నీళ్లు పెట్టినా ముప్పే, గరిమనాభి ఇరుసు పైకి పాకుతుంది. అందుకని కొందరు పొయ్యి అడుగున సీసం దిమ్మలు బిగిస్తారు. ఓవెన్ తెరిచే ముందు మాత్రం పొయ్యికి గడియ వేస్తారు. రొట్టె తీసి తలుపు మూశాకే ఆ గడియ తీసి, పొయ్యిని మళ్లీ ఊగనిస్తారు.