మాయ ఒకటా, రెండా?

మా ఇంట్లో కవలలకు మూడు పేర్లు. అమ్మ కన్నడంలో 'అవళి జవళి' అంటుంది, అవ్వ 'అమడలు' అంటుంది, నేను పుస్తకం మాటగా 'కవలలు' అంటాను. జంట అరటిపండు తింటే అమడలు పుడతారని అవ్వ ఇప్పటికీ నా చేతిలోంచి లాక్కుంటుంది. (తను మాత్రం నిక్షేపంగా తినేస్తుంది.)

పోయిన సంవత్సరం మా పెద్దమ్మ కూతురికి కడుపులో ఇద్దరున్నారని స్కాన్‌లో తెలిసింది. మా కురుడుమలె వినాయకుడికి రెండు టెంకాయలు కొట్టాం. రిపోర్టులో 'ట్విన్స్' అని మాత్రమే ఉంది. రాయాల్సిన ఇంకో మాట ఉంటుందని అప్పుడు మాకెవరికీ తెలీదు.

రెండు అండాలు విడివిడిగా ఫలదీకరణం చెందితే పిల్లలిద్దరికీ చెరో మాయ ఉంటుంది. ఇది తల్లి వైపు వంశంలో రావచ్చు, తల్లి వయసు పెరిగినకొద్దీ అవకాశం ఎక్కువ, ఐవీఎఫ్ వల్ల కూడా వస్తుంది. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన ఒకామె కవల ఆడపిల్లల్ని కన్నది ఐవీఎఫ్‌తోనే. అలా కాక ఒకే అండం రెండుగా చీలితే, చాలాసార్లు ఇద్దరికీ ఒకే మాయ ఉంటుంది. చిక్కంతా ఇక్కడే. ఆ మాయలో ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి. ఒక బిడ్డ రక్తం రెండో బిడ్డకు ఎక్కువగా పారితే, ఇచ్చే బిడ్డ ఎండిపోతుంది, చుట్టూ ఉమ్మనీరు తగ్గుతుంది. తీసుకునే బిడ్డకు నీరు ఎక్కువై గుండె మీద బరువు పడుతుంది. మాయ పంచుకునే కవలల్లో నూటికి 10 నుంచి 15 జంటలకు ఇలా అవుతుంది. త్వరగా కనిపెడితే బెంగళూరులాంటి చోట లేజర్‌తో ఆ నాళాలను మూసేస్తారు. అందుకే మాయ ఒకటే అయితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేయాలి. రెండైతే నెలకోసారి చాలు.

ఇది బాగా తేలేది 11 నుంచి 14 వారాల మధ్య స్కాన్‌లో. తర్వాత చెప్పడం కష్టం. ఆడా మగా అని చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. మాయ ఒకటా రెండా అని అడగడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. కానీ మన ఇళ్లల్లో అందరి నోటా వచ్చేది ఆ మొదటి ప్రశ్నే!

మాయ రెండైనా నిశ్చింత లేదు. కవలల కాన్పులో రక్తహీనత, బీపీ, కాన్పు తర్వాత రక్తస్రావం ఎక్కువ. సగానికి పైగా కవలలు 37 వారాలు నిండకముందే పుడతారు. అక్కకు 33వ వారంలో కాళ్లూ మొహం వాచాయి. "ఇద్దర్ని మోస్తుంటే వాయవా?" అంది వాళ్లత్త. తలనొప్పి వచ్చి, కళ్లు మసకలు కమ్మాక ముళబాగిలులో బీపీ చూసి, అప్పటికప్పుడు 108లో కోలారుకు పంపారు. వాపు ఒక్కటే అయితే మామూలే కావచ్చు, దానికి తలనొప్పీ మసకా తోడైతే గంట కూడా ఆగకూడదట.

34వ వారంలో ఆపరేషన్ చేశారు. బాబు 1.9 కిలోలు, పాప 1.6. పద్దెనిమిది రోజులు అక్కడే ఉంచారు. ఒకే అండం చీలితే ఇద్దరూ ఆడైనా కావాలి, మగైనా కావాలి కాబట్టి, బాబూ పాపా అని తెలిశాకే మాకు మాయలు రెండని తేలింది. మూడో నెల రిపోర్టులోనే ఉండాల్సిన మాట అది.