మనిషివా, యంత్రానివా?

1997లో ఆల్టావిస్టా అనే సెర్చ్ ఇంజన్‌కి ఒక తలనొప్పి వచ్చిపడింది. కొత్త వెబ్‌సైట్ చిరునామాను ఎవరైనా వచ్చి చేర్చుకోవచ్చని వాళ్లు తలుపులు బార్లా తెరిచి పెట్టారు. కొందరు ఆ పనికి మనుషుల్ని కాక ప్రోగ్రాముల్ని పంపారు. అవి రాత్రీ పగలూ లేకుండా తమ యజమానుల సైట్లనే ఎక్కించడం మొదలుపెట్టాయి.

దీనికి విరుగుడు ఆండ్రీ బ్రోడర్ బృందానికి ఒక స్కానర్‌తో వచ్చిన సూచనల పుస్తకంలో దొరికింది. ఆ బృందంలో బెంగళూరు కుర్రాడు కృష్ణ భరత్ కూడా ఉన్నాడు. గూగుల్ న్యూస్‌ని తయారుచేసింది ఆయనే. కాగితం మీది అక్షరాల్ని స్కానర్ సరిగ్గా పోల్చుకోవాలంటే అచ్చు ఒకే తీరుగా ఉండాలనీ, వెనకాల బొమ్మలూ మరకలూ ఉండకూడదనీ ఆ పుస్తకం చెప్పింది. వాళ్లు ప్రతి సూచననూ తిరగేశారు. రకరకాల అచ్చులు కలిపి, వరస వంకర చేసి, వెనక గీతలు గీసి, ఇదేమిటో చదివి చెప్పమని వచ్చినవాళ్లని అడిగారు. మనిషి చదివాడు, ప్రోగ్రాం బోల్తా పడింది. దొంగ చేర్పులు 95 శాతానికి పైగా తగ్గిపోయాయి.

యంత్రం మనిషిలా మాట్లాడి మనల్ని నమ్మించగలదా అని అలన్ ట్యూరింగ్ 1950లోనే ఒక పరీక్ష ఊహించాడు. అందులో న్యాయమూర్తి మనిషి. ఇక్కడ యంత్రమే న్యాయమూర్తి అయి కూర్చుంది. ఆ తలకిందులు వ్యవహారాన్ని సిద్ధాంతంగా నిలబెట్టినవాళ్లు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు. 2000లో యాహూ శాస్త్రవేత్త ఉడీ మాన్‌బర్ అక్కడికి వచ్చి, ఉచిత ఈమెయిల్ ఖాతాలను ప్రోగ్రాములు కుప్పలుగా తెరిచేస్తున్నాయని మొరపెట్టుకున్నాడు. ప్రొఫెసర్ మాన్యుయెల్ బ్లమ్, గ్వాటెమాలా నుంచి వచ్చిన విద్యార్థి లూయిస్ వాన్ ఆన్ వాటిని ఆపే పని నెత్తికెత్తుకున్నారు. మనిషినీ ప్రోగ్రామునీ వేరుచేసే ఇలాంటి పరీక్షకు క్యాప్చా అన్న పేరు వాళ్లు పెట్టిందే. అంతకు ముందు 1991 నుంచి 1999 దాకా ఆ విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ సైన్స్ స్కూలుకి డీన్‌గా ఉన్నది మన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి.

క్యాప్చా ఆయుష్షు తక్కువేనని తొందరగానే తేలిపోయింది. యాహూ వాడిన పరీక్షను 2003 నాటికే బర్క్‌లీలో గ్రెగ్ మోరీ, జితేంద్ర మాలిక్ రాసిన ప్రోగ్రాం 92 శాతం సార్లు ఛేదించింది. అక్షరాల్ని ఇంకాస్త మెలితిప్పారు. యంత్రం ఇంకాస్త నేర్చుకుంది. ఈ పోటీ మధ్యలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. జనం రోజూ కోట్ల క్యాప్చాలు కొడుతున్నారు, ఆ కష్టమంతా గాలికి పోతోందని వాన్ ఆన్‌కి బాధ కలిగింది. 2007లో రీక్యాప్చా తెచ్చాడు. తెర మీద రెండు మాటలు కనబడతాయి. ఒకటి జవాబు తెలిసినది. రెండోది పాత పత్రికల్ని స్కాన్ చేసినప్పుడు యంత్రం పోల్చుకోలేక వదిలేసినది. మొదటిది సరిగ్గా కొట్టినవాడు రెండోదీ సరిగ్గానే చదివి ఉంటాడని లెక్క. అలా కొందరు ఒకే మాట చెబితే ఖాయం చేసుకుంటారు. 1851 నుంచి ఉన్న న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలు ఈ రకంగా, 99 శాతానికి పైగా కచ్చితంగా అక్షరబద్ధమయ్యాయి. 2009లో గూగుల్ దాన్ని కొనుక్కుంది.

ఆ రోజుల్లోనే రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయించే పథకం నడిపారు. తెలుగు పుస్తకాలూ వేలల్లో ఆ యంత్రాల కిందికి వెళ్లాయి. కానీ వాటిలో ఎక్కువ భాగం బొమ్మలుగానే మిగిలిపోయాయి, ఎందుకంటే మన గుణింతాలూ వత్తులూ కలిసిన అచ్చును పోల్చుకునే ప్రోగ్రాం అప్పటికి సరైనది లేదు. మనం కొట్టే క్యాప్చా తెలుగులో ఉండి ఉంటే, కర్నూలు జిల్లా ఆదోనిలో నెట్ సెంటర్‌లో రైలు టికెట్లు తీసే పిల్లాడు రోజుకో పేజీ పాత పుస్తకం చదివిపెట్టేవాడు. ఆ పనిని తెలుగు వికీసోర్స్‌లో కొద్దిమంది ఔత్సాహికులు ఇప్పటికీ చేస్తున్నారు.

ఆదోనిలో క్యాప్చా ఎక్కువగా ఎదురయ్యేది రైలు టికెట్ దగ్గరే. గుంతకల్లు–రాయచూరు లైను మీది ఊరది. ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఇటు బెంగళూరు, అటు ముంబై. ఎమ్మిగనూరుకి రైలే లేదు, అక్కడివాళ్లు ఆదోనికో మంత్రాలయం రోడ్డుకో వచ్చి బండి ఎక్కాలి. స్లీపర్ తత్కాల్ పొద్దున పదకొండుకి తెరుస్తారు. నెట్ సెంటర్ పిల్లాడు పేర్లూ వయసులూ ముందే కొట్టి పెట్టుకుని గడియారం చూస్తుంటాడు. పదకొండు కాగానే క్యాప్చా వస్తుంది. అది సున్నానా, ‘ఓ’ అక్షరమా? కాపిటలా, స్మాలా? ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికి. డబ్బు కట్టే తెర వచ్చేసరికి సీట్లు అయిపోతాయి. “ఏమైందప్పా?” అంటే “వెయిటింగ్ పడింది న్నా” అంటాడు.

అదే సమయంలో దొంగ సాఫ్ట్‌వేర్ ఆ అక్షరాల్ని రెప్పపాటులో చదివేస్తుంది. 2025లో రైల్వే చెప్పిన లెక్క చూడండి: తత్కాల్ తెరిచిన మొదటి ఐదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా ఇలాంటి ప్రోగ్రాములవే. అనుమానం వచ్చిన రెండున్నర కోట్ల ఐడీలను మూసేశారు. యంత్రం తడబడే చోట చవగ్గా మనుషుల్నే పెట్టే వ్యాపారమూ ఉంది. 2010లో కాలిఫోర్నియా పరిశోధకులు వాకబు చేస్తే, వెయ్యి క్యాప్చాలు విప్పిపెట్టడానికి ఒక డాలర్ ధర పలికింది. ఆ కూలీల్లో మన దేశం వాళ్లూ ఉన్నారు.

వంకర అక్షరాలను తన ప్రోగ్రామే 99.8 శాతం సార్లు చదివేస్తోందని 2014లో గూగులే ఒప్పుకుంది. అప్పుడొచ్చింది ‘నేను రోబోని కాను’ అనే గడి. ఆ గడిలో టిక్కు పెట్టడం పరీక్ష కాదు. మార్కెట్ యార్డులో పత్తి కొనేవాడు పీచు లాగి చూసి నాణ్యం చెప్పినట్టు, అది మన చెయ్యి కదిలిన తీరునూ, ఆ బ్రౌజర్ వెనకటి నడకనూ పట్టి చూస్తుంది. 2023లో అచ్చయిన మరో అధ్యయనంలో అక్షరాల క్యాప్చాకి మనుషులకు 9 నుంచి 15 సెకన్లు పట్టింది, అదీ తప్పులతో. ప్రోగ్రాములకు ఒక్క సెకను కూడా పట్టలేదు. యంత్రాల్ని ఆపాల్సిన గేటు మనుషుల్ని ఆపుతోందన్నమాట.

అసలు ఈ గేటు దగ్గర ఆగిపోయేది ఎవరు? 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం. పడమటి మండలాల్లో అంతకన్నా తక్కువ. అక్కడ మగ్గం నేసే చేతులకీ, పత్తి తీసే చేతులకీ ఇంగ్లీషు అక్షరాల క్యాప్చా ‘నువ్వు మనిషివేనా’ అని అడగదు, ‘ఇంగ్లీషు వచ్చా’ అని అడుగుతుంది. రాదంటే యంత్రం కింద లెక్క. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు ప్రశ్నే మారిపోయింది. 2025 జులై 1 నుంచి ఆధార్ సరిచూసిన ఖాతాకే ఆన్‌లైన్ తత్కాల్, తర్వాత ఫోనుకి ఓటీపీ కూడా. అదే ఏడాది పత్తికి మద్దతు ధర కావాలన్నా, పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వారి కపాస్ కిసాన్ యాప్‌లో ఆధార్‌తో నమోదై, స్లాట్ తీసుకోవాల్సి వచ్చింది. రైతు పేరుతో దళారులు చొరబడకుండా ఇది అవసరమే. అయితే ఆ యాప్ పొలం కాగితాలూ అడుగుతుంది. కౌలుకి చేసుకునేవాడు మనిషే, రైతే. పాసుపుస్తకం మాత్రం భూమి ఆసామి పేరున ఉంటుంది.

రాజ్ రెడ్డి జీవితమంతా చేసిన పని యంత్రానికి మనిషి మాట వినడం నేర్పడం. చదువు రానివాళ్లు కూడా వాడుకోగల కంప్యూటర్ కావాలని ఆయన ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. మాట వినే యంత్రం ఇప్పుడు ప్రతి ఫోనులోనూ ఉంది. తత్కాల్‌లోనైనా, పత్తి స్లాట్‌లోనైనా అడిగేదేదో తెలుగులో వినిపించేలా అడిగి, తెలుగులో చెప్పిన జవాబు తీసుకునే ఏర్పాటు ముందు ఆదోని యార్డులోనే పెట్టి చూడాలి.